నత్తల బెడద తీర్చిన ముగ్గురికీ కృతజ్ఞతలు

మా అక్వేరియంలో నత్తల గోల చాలావరకు సద్దుమణిగింది. పుణ్యం కట్టుకున్న ముగ్గురికి నలుగురిలో థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మొదటి దండం మా వీధి చివర చేపల షాపు అన్నకు. నత్తల మందు కొందామని వెళ్తే, డబ్బులు తీసి చూపించినా సీసా ఇవ్వలేదు. "మీ ట్యాంకులో చెర్రీ రొయ్యలున్నాయి కదక్కా? ఈ మందులో ఉండేది రాగి. నత్తల సంగతి తర్వాత, ముందు అవి పోతాయి" అన్నాడు. తోటలకు కొట్టే మైలుతుత్తం కూడా రాగి ఉప్పే కాబట్టి అది తెచ్చి కలుపుదామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దనీ చెప్పాడు. పోనీ రొయ్యలు లేకపోయినా, నత్తలన్నీ ఒక్కసారే చస్తే ఇసుక కింద ఉన్నవి అక్కడే కుళ్ళి అమోనియా పెరుగుతుంది, అప్పుడు చేపలకే ముప్పు. నత్తల్ని తినే క్లౌన్ లోచ్ చేప అడిగితే, అది అడుగు పొడవు దాకా పెరుగుతుంది, గుంపుగా ఉండాలి, మీ రెండడుగుల ట్యాంకుకు సరిపడదన్నాడు. కేరళ నదుల్లో ఉండే బుల్లి పఫర్ చేప మాటెత్తితే, మీ గప్పీ చేపల తోకలు కొరికేస్తుందన్నాడు. తన బేరం తనే చెడగొట్టుకునే వ్యాపారిని నేను చూడటం ఇదే మొదలు.

రెండో దండం మా పై ఫ్లాట్‌లో ఉండే జువాలజీ లెక్చరర్ మేడమ్‌కు. రాత్రి లైట్లన్నీ ఆర్పించి టార్చ్ వేసి చూపించారు. పగలు ఒక్కటీ కనపడని ఇసుక మొత్తం కదులుతోంది! సన్నగా మొన తేలి ఉన్నవి మలేషియన్ ట్రంపెట్లు. వాటికి మగదానితో పనిలేదు, ఆడదే పిల్లల్ని పెట్టేస్తుంది. బల్లపరుపుగా చుట్టుకున్నవి రామ్స్‌హార్న్‌లు, ఎడమవైపు తిరిగిన చిన్న గుల్లవి బ్లాడర్ నత్తలు. ఈ రెండు రకాలూ ఆకుల కింద జిగురులో గుడ్లు పెడతాయి. కొత్తగా కొన్న వాలిస్నేరియా అనే నీటి మొక్క ఆకులతో వచ్చినవి ఇవే. "నత్తలు రావడం వింత కాదు, ఇన్ని బతుకుతున్నాయంటే తిండి ఎక్కడిది?" అని మేడమ్ అడగ్గానే అందరం మామయ్యగారి వైపు చూశాం. పేపర్ చదువుతూ ఒక చిటికెడు, కాఫీ తాగి ఒక చిటికెడు, సీరియల్ మధ్యలో ఇంకో చిటికెడు మేత వేయడం ఆయనకు అలవాటు. "ఆకలిగా చూస్తున్నాయమ్మా" అన్నారు. "చేపలు ఎప్పుడూ అలాగే చూస్తాయి బాబాయిగారూ" అన్నారు మేడమ్. ఆ ఒక్క మాటతో, మేము ఎన్నిసార్లు చెప్పినా తగ్గని మేత రోజుకు ఒకపూటకు వచ్చింది. నిజానికి సగం పని అక్కడే అయిపోయింది.

మిగతా సగం కీర దోసకాయతో. చక్రంలా కోసి, మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి మెత్తబడ్డాక, ఫోర్క్‌కు గుచ్చి రాత్రి ట్యాంకులో దింపేదాన్ని. తెల్లారేసరికి ముక్క కనపడనంతగా నత్తలు పట్టి ఉండేవి. లైటు వేయకముందే తీసెయ్యాలి, లేకపోతే ట్రంపెట్లు మళ్ళీ ఇసుకలోకి దూరతాయి. అద్దానికి అంటిన గుడ్లను పాత ఏటీఎం కార్డుతో గీకేశాను. తీసిన నత్తల్ని చెరువులోనో కాలవలోనో వదలొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. కొన్నింటిని పిల్లలకు చూపించడానికి కాలేజీకి పట్టుకెళ్ళారు. మిగతావాటిని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచడానికి మా అత్తయ్యగారిని ఒప్పించడం మాత్రం నా వల్ల కాలేదు, అది కూడా మేడమే చూసుకున్నారు.

ఇక మా చిన్నాన్న కొడుకు. చెన్నై కొళత్తూరు చేపల మార్కెట్‌కు వెళ్ళి నాకోసం అసాసిన్ నత్తలు కొని, రైల్లో కవరు ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చాడు. పసుపు, ముదురు గోధుమ చారలతో చూడటానికి ముచ్చటగా ఉంటాయి, తినేది మాత్రం తోటి నత్తల్నే. ఇసుకలో దాక్కున్న ట్రంపెట్లనూ వదలవు. తొండం చాచి ఒక రామ్స్‌హార్న్‌ను పట్టుకున్నప్పుడు ఇల్లంతా ట్యాంకు ముందే కూర్చుంది, భోజనాలు ఆలస్యం. నెమ్మదిగా తింటాయి, ఒక్క రాత్రిలో అయిపోయే పని కాదు. తమ్ముడూ, టికెట్ డబ్బులు తీసుకోలేదు, కనీసం ఈసారి వచ్చినప్పుడు గోంగూర పచ్చడన్నా తీసుకెళ్ళు.

ట్రంపెట్లు ఇంకా కొన్ని ఉన్నాయి. ఇసుకను గుల్లగా ఉంచుతాయి కాబట్టి ఆ కాసిన్ని ఉండనీయమని షాపు అన్న అన్నాడు. అవి పట్టపగలు గుంపుగా అద్దమెక్కితే నీళ్ళు చెడుతున్నాయేమో చూసుకోమన్నాడు. కొత్త మొక్క ఏది తెచ్చినా ఇప్పుడు ముందు పటిక నీళ్ళలో, తర్వాత కొన్నాళ్ళు బాల్కనీలో విడిగా బకెట్‌లో ఉంటోంది.

అసాసిన్లకు త్వరలో మా ఇంట్లో మేత కరువయ్యేలా ఉంది. కూకట్‌పల్లి చుట్టుపక్కల ఎవరి ట్యాంకులోనైనా ఈ బాధ ఉంటే చెప్పండి, మూత ఉన్న డబ్బా తెచ్చుకుంటే ఊరికే ఇస్తాను.