వార్షిక నివేదిక: క్యాంపస్‌లో విద్యార్థులకు అటెండెంట్ల సహాయం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పత్రం కోశాధికారి విడిగా చదువుతారు కాబట్టి ఆ లెక్కలు ఇందులో ఉండవు. ర్యాంపులు, లిఫ్టుల పని మామూలుగానే సాగింది, కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. మా సమయంలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నకు పోయింది. మరొకరి సాయం లేకుండా మంచం దిగలేని విద్యార్థి ఉదయం తొమ్మిది గంటల క్లాసులో ఎలా ఉండగలడు?

క్లాసులో కూర్చున్న విద్యార్థిని అందరూ చూస్తారు. దానికి ముందు గదిలో జరిగే పని ఎవరికీ కనిపించదు. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయాలి, మలవిసర్జన, స్నానం అయ్యాక వీపు, పిరుదులు, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాలి, బట్టలు తొడిగి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టాలి. ఇవన్నీ చేసిపెట్టే సహాయకుడు, అంటే అటెండెంట్, అరగంట ఆలస్యమైతే వీటిలో ఏదో ఒకటి మానేయాలి. సాధారణంగా మానేసేది చర్మం చూడటమే. స్పర్శ తెలియని చోట పుండు మొదలైతే విద్యార్థికి నొప్పి కూడా తెలియదు. అది ముదిరితే నెలల తరబడి మంచానికే పరిమితం కావాలి, ఆ సెమిస్టర్ పోయినట్టే.

అందుకే శిక్షణను ఇక్కడి నుంచే మొదలుపెట్టాం. ఫిజియోథెరపిస్టుల సాయంతో, నడుం పట్టేయకుండా మనిషిని మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చడం, అందుకు మధ్యలో ఆనించే పలక, అంటే ట్రాన్స్‌ఫర్ బోర్డు వాడటం, మనిషిని పైకెత్తే యంత్రం (హాయిస్ట్) ఎప్పుడు తప్పనిసరో గుర్తించడం నేర్పించాం. కండబలం ఉంటే చాలనుకునే కుర్రాళ్లే ముందుగా నడుం పట్టుకుని కూర్చుంటారని శిక్షకులు నవ్వుతూ హెచ్చరించారు. వెన్నుపాము టీ6 (ఛాతీ భాగంలో ఆరో) స్థాయిలో గానీ అంతకు పైన గానీ దెబ్బతిన్నవారికి వచ్చే ఒక ప్రమాదం గురించి ప్రత్యేకంగా చెప్పించాం. మూత్రాశయం నిండిపోయినా, మూత్రం బయటికి తెచ్చే క్యాథెటర్ గొట్టం మడతపడినా వాళ్ల బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు దాని గుర్తులు. అప్పుడు పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం చూడాలి. తగ్గకపోతే వెంటనే అత్యవసర వైద్యాన్ని పిలవాలి. ఇది వార్డెన్లకు కూడా తెలిసి ఉండాలని మా అభిప్రాయం.

రెండో పని బదులు మనుషుల జాబితా. అటెండెంట్ దొరకడం ఒక సమస్య, దొరికిన మనిషికి జ్వరం వచ్చిన రోజు మరో సమస్య. పరీక్ష రోజు ఉదయం ఫోన్ ఎత్తకపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో విద్యార్థులే సమావేశంలో చెప్పారు. శిక్షణ పొంది, ఆ విద్యార్థి దినచర్య ముందే ఒకసారి చూసి ఉన్న వ్యక్తినే బదులుగా పంపాలని నిర్ణయించాం. కొత్త మనిషికి స్నానాల గదిలో అన్నీ మొదటి నుంచి వివరించాల్సి రావడం ఎవరికైనా ఇబ్బందే. ప్రతి విద్యార్థీ తన దినచర్యను తన మాటల్లో ఒక కాగితం మీద రాసి గదిలో ఉంచుకునే పద్ధతి దీన్నుంచే వచ్చింది.

ఇక కొందరు తల్లిదండ్రులకు నచ్చని విషయం. అటెండెంట్‌కు ఏం చేయాలో చెప్పాల్సింది విద్యార్థే. ఇంటి నుంచి ఫోన్ చేసి 'ఇవాళ వాణ్ణి బయటికి తీసుకెళ్లొద్దు' అని అటెండెంట్‌కు చెప్పడం ఆపాలని కోరాం. ఆ ప్రేమను తప్పుపట్టడం లేదు. కానీ పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు ఎప్పుడు పడుకోవాలో అమ్మ, అటెండెంట్ కలిసి నిర్ణయిస్తే కాలేజీకి పంపి ఏం లాభం? విద్యార్థులకు ఇంటర్వ్యూ చేయడం, పని వేళలు రాసుకోవడం, నచ్చనిది సూటిగా చెప్పడం, అవసరమైతే మనిషిని మార్చుకోవడం సాధన చేయించాం. చివరిదే అందరికీ కష్టమైంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పోలియో వల్ల మెడ కింది భాగం దాదాపు చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు, ఆయనకు ఊపిరి ఆడించే పెద్ద యంత్రానికి (ఐరన్ లంగ్) తగిన హాస్టల్ గది లేక క్యాంపస్‌లోని ఆసుపత్రిలోనే బస ఇచ్చారు. ఆ తర్వాత అక్కడి విద్యార్థులు 1970లో తమకోసం ఒక కార్యక్రమం తెచ్చుకున్నారు. అటెండెంట్లను వెతికిపెట్టడం, వీల్‌చైర్లు బాగుచేయడం అందులో ముఖ్యమైనవి. 1972లో అదే ఊళ్లో వికలాంగులే నడిపే స్వతంత్ర జీవన కేంద్రం మొదలైంది. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 19వ అధికరణం కూడా వ్యక్తిగత సహాయాన్ని సమాజంలో కలిసి బతకడానికి అవసరమైన సేవగా పేర్కొంది. అయినా కాలేజీలే అటెండెంట్‌ను ఇవ్వాలని అన్ని చోట్లా లేదు. అమెరికాలోనే, వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే 504వ సెక్షన్ నిబంధనల ప్రకారం కాలేజీలకు ఆ బాధ్యత లేదు. అందువల్ల ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న చివరికి కుటుంబం మీదే పడుతోంది. ఈ విషయంలో ఈ ఏడాది మేము పెద్దగా ముందుకు కదల్లేదు.

హాస్టల్ గేటు దగ్గర మాత్రం కొంత కదలిక వచ్చింది. ఒకచోట అటెండెంట్‌ను అతిథిగా రాసుకుని రాత్రి ఎనిమిదికి బయటికి పంపేవారు. పడుకున్న మనిషిని రాత్రిపూట పక్కకు తిప్పాల్సింది ఎవరో వాళ్లు ఆలోచించలేదు. పలుమార్లు కలిశాక అటెండెంట్లకు విడిగా గుర్తింపు కార్డు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. గదిలో ఉండే తోటి విద్యార్థి ఇష్టం కూడా ముందే అడగాలన్నారు, అది న్యాయమే.

అటెండెంట్లతో విడిగా కూర్చున్నప్పుడు వాళ్ల బాధలూ తెలిశాయి. నోట్స్ రాయమనడం, పరీక్షలో చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్‌గా రమ్మనడం, గదిలో మిగతా వాళ్ల పనులు కూడా చెప్పడం. ఇవి వాళ్ల పని కాదు. వారపు సెలవు, ముందే ఒప్పుకున్న వేళలు, ఆలస్యం లేని జీతం లేకపోతే ఎంత మంచి మనిషైనా నిలవడు. ఈ మూడూ ఒప్పంద పత్రంలో చేర్చాం.

రాత్రి షిఫ్టుకు మహిళా అటెండెంట్ల కొరత అలాగే ఉంది. సెలవుల్లో పని లేక వెళ్లిపోయినవారు తిరిగి రాకపోవడానికీ పరిష్కారం దొరకలేదు. సెలవు నెలలకు సగం జీతం ఇవ్వాలన్న ప్రతిపాదన మీద కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు, అందుకే దాన్ని సర్వసభ్య సమావేశంలో ఓటింగ్‌కు పెడుతున్నాం. బదులు మనుషుల జాబితాలో చేరదలచినవారు కాలేజీలు తెరిచేలోపు పేరు, వీలైన వేళలు కార్యదర్శికి ఇవ్వగలరు.

కార్యదర్శి