ఇంజనీరింగ్ విద్యార్థులకు శరీరధర్మ శాస్త్రం: వీడియో పాఠాలు చాలవు

సంపాదకులకు నమస్కారం.

సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు కేంద్ర ప్రభుత్వ వేదిక ‘స్వయం’ ద్వారా ఆన్‌లైన్‌లో చదువుకునే వీలును యూజీసీ 2021లో కల్పించింది. శరీరధర్మ శాస్త్రం (ఫిజియాలజీ) చెప్పేవారు దొరకని ఇంజనీరింగ్ కళాశాలలకు ఇది నిజంగా మేలే. నా ఆవేదనంతా ఆ కోర్సును నడుపుతున్న తీరు గురించే.

నేను నగర శివార్లలోని ఒక ప్రైవేటు కళాశాలలో పనిచేసిన రోజుల్లో, ఆన్‌లైన్ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న బయోమెడికల్ విద్యార్థి ఒకరు బీపీ మిషన్ పట్టీ చేతికి చుట్టుకుని, మామూలుగా ఒకసారి, చెయ్యి పైకెత్తి మరోసారి చూసుకున్నాడు. రెండోసారి అంకె ఇరవైకి పైగా పడిపోయేసరికి “మిషన్ పాడైంది సార్” అన్నాడు. మిషన్ బాగానే ఉంది. పట్టీ గుండె కంటే 30 సెంటీమీటర్లు పైన ఉంటే, అంత ఎత్తున్న రక్తపు స్తంభం కలిగించే పీడనానికి సరిపడా, అంటే సుమారు 23 మిల్లీమీటర్ల పాదరసం మేరకు, అంకె తగ్గి తీరుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో ఇదే లెక్క చేసి వచ్చిన పిల్లవాడికి వీడియో పాఠం 120/80 అన్న అంకెను మాత్రం కంఠతా పట్టించి వదిలేసింది.

వైద్య విద్యార్థుల పాఠాన్నే కుదించి వీళ్లకు చూపిస్తే వీళ్లకున్న గణితబలం వృథా అవుతుంది. నాడీకణంలో విద్యుత్ సంకేతం ఎలా పుడుతుందో శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో సమీకరణాలుగా రాశారు. రెసిస్టర్, కెపాసిటర్ తెలిసిన విద్యార్థి మామూలు ల్యాప్‌టాప్‌లోనే సోడియం, పొటాషియం వాహకత్వాలను మార్చి ఆ సంకేతం ఎలా మారుతుందో చూడగలడు. రక్తనాళం వ్యాసార్థం సగమైతే ప్రవాహానికి నిరోధం 16 రెట్లవుతుందని ఎవరూ చెప్పకుండానే తేల్చుకోగలడు. కంప్యూటర్ బోధనలో నాకు కనిపించే అసలు ప్రయోజనం ఇదే.

క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో, మూడు కిలోలకు పైగా తూగే కాలిపర్లను (నడవలేని పిల్లల కాళ్లకు కట్టే ఊతాలను) 300 గ్రాములకు దించి పిల్లలకు అందించిన నగరం మన హైదరాబాద్. నిమ్స్ వైద్యుడూ, డీఆర్‌డీవో శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలామూ ఒకరి పని ఒకరు దగ్గరగా చూడబట్టే అది సాధ్యమైంది.

అందువల్ల ఉస్మానియా, జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయాలు ఇంజనీరింగ్ అధ్యాపకులను, ఉస్మానియా, గాంధీ వైద్య కళాశాలల అధ్యాపకులను కలిపి కూర్చోబెట్టి ఈ పాఠాలు కొత్తగా తయారు చేయించాలి. ప్రతి విద్యార్థి తన నాడినో, శ్వాసనో, ఈసీజీనో స్వయంగా కొలిచి, కంప్యూటర్ నమూనాతో పోల్చి నివేదిక రాయాలి. సెమిస్టర్‌కు కనీసం రెండు శనివారాలు వైద్య కళాశాల ప్రయోగశాలలో గడపాలి. సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో రేపు ఉద్యోగాలకు వెళ్లేది ఈ పిల్లలే కాబట్టి, వచ్చే విద్యాసంవత్సరం సిలబస్ ఖరారు కాకముందే ఈ మార్పులు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్