మోసపోయినవాళ్ల మాట కూడా అచ్చువేయండి

సంపాదకులు గారికి,

టిండర్ అనే డేటింగ్ యాప్‌లో పరిచయమైన మహిళలను మోసం చేసినవాడి మీద తీసిన ‘ది టిండర్ స్విండ్లర్’ డాక్యుమెంటరీ (2022) చూశాక, మోసపోయిన ఆ మహిళల గురించి మా బంధువుల్లో చాలామంది అన్నది ఒకటే: ‘డబ్బున్నోడని ఎగబడ్డారు, అనుభవించారు.’ ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

షిమోన్ హయుత్ అనే ఇజ్రాయెల్ వ్యక్తి తాను వజ్రాల వ్యాపారి లెవ్ లెవీవ్ కొడుకునని, పేరు సైమన్ లెవీవ్ అని నమ్మించాడు. ప్రైవేటు విమానం, పెద్ద హోటళ్లు, బాడీగార్డు. ఒకామె దగ్గర గుంజిన డబ్బుతోనే ఇంకొకామె ముందు ఆ హంగులన్నీ. లండన్‌లో ఉండే నార్వే మహిళతో కలిసి ఉందాం, ఇల్లు చూడమన్నాడు. తర్వాత రక్తం కారుతున్న బాడీగార్డు ఫొటోలు పంపి, శత్రువులు వెంటపడ్డారు, నా కార్డు వాడితే దొరికిపోతాను, నీ కార్డు కావాలన్నాడు. అతని ప్రాణం పోతుందన్న టెన్షన్‌తో ఆమె బ్యాంకుల్లో అప్పుల మీద అప్పులు చేసింది. ఇందులో అత్యాశ ఎక్కడుంది?

ఆమె కథను నార్వే పత్రిక ‘వీజీ’ ఆధారాలతో సహా 2019లో ప్రచురించింది. అప్పటికింకా అతనితోనే ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ మహిళ అది చదివి, అతను ఎక్కే విమానం వివరాలు పోలీసులకు చెప్పింది. ఏథెన్స్‌లో దొంగ పాస్‌పోర్టుతో దొరికాడు. ఇజ్రాయెల్ కోర్టు 15 నెలలు వేస్తే 5 నెలలకే బయటికొచ్చాడు, అదీ అక్కడి పాత కేసుల్లో. ఈ మహిళల అప్పులు మాత్రం వాళ్ల నెత్తినే పడ్డాయి.

మన దగ్గరా మ్యాట్రిమోనీ సైట్లలో విదేశీ డాక్టరునని పరిచయమై, గిఫ్టు పంపాను, కస్టమ్స్‌లో ఆగింది, డబ్బు కట్టమని దోచుకుంటున్నారు. అలాంటివాడు పట్టుబడితే మన పత్రికల్లో ‘నిత్య పెళ్లికొడుకు’, ‘ఘరానా మోసగాడు’ అని హెడ్డింగు, వాడి ఫొటో, ఎంతమందిని బుట్టలో వేశాడన్న లెక్క. ఇంట్లో ఇంకా చెప్పుకోలేక కుమిలిపోతున్న అమ్మాయి ఆ వార్త చదివితే పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ధైర్యం వస్తుందా?

మీ పత్రిక అయినా బాధితురాలి పేరు, ఊరు బయటపెట్టకుండా ఆమె వైపు కథ పూర్తిగా వేయాలని కోరుతున్నాను. ఏ మాటతో నమ్మించాడు, డబ్బు మొదట ఏ కారణం చెప్పి అడిగాడు, ఇవి రాయండి. పక్కనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరు వేయండి. వెంటనే ఫోన్ చేస్తే పోయిన డబ్బును బ్యాంకులోనే ఆపగలిగే అవకాశం ఉంటుందని కూడా రాయండి. ఈ సంగతి తెలియనివాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు.

- ఒక పాఠకురాలు, హనుమకొండ