రెట్ట పరీక్ష లేకుండా పక్షులకు పురుగుల మందా?

సంపాదకులకు,
ఆర్యా,

మనవాళ్లు ‘లవ్ బర్డ్స్’ అని పిలుచుకునే ఆస్ట్రేలియా బడ్జీలను (అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి) డాబాల మీద పెంచేవారికి నులిపురుగుల బెడద కొత్త కాదు. ఆ పురుగులకు మందు వేస్తున్న తీరే నాచేత ఈ లేఖ రాయిస్తోంది.

రెండేళ్ల క్రితం మా ఇంట్లో, మట్టి నేల ఉన్న పెద్ద పంజరంలోని బడ్జీలు కొర్రలు బాగానే తింటున్నా రొమ్ము ఎముక పైకి తేలేంతగా చిక్కిపోయాయి. పక్షులు కొన్న దుకాణంలో చెబితే కోళ్లకు పట్టే పురుగుల మందు సీసా ఇచ్చి, తాగే నీళ్లలో నాలుగు చుక్కలు కలపమన్నారు. పది రోజుల్లో మూడు పక్షులు చనిపోయాయి. చివరిదానికి పశువైద్యుడు శవపరీక్ష చేస్తే పేగులో ఏలికపాములు ముద్దకట్టి దారి మూసేసి ఉన్నాయి.

బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు. ఎండు నేలల పక్షి గనుక నీళ్లు తాగేదే తక్కువ, జబ్బు చేస్తే ఇంకా తక్కువ. అలాంటప్పుడు తొట్టెలో కలిపిన మందు ఏ పక్షికి ఎంత అందిందో ఎవరు చెప్పగలరు? పైగా ఏలికపాములకు వాడే ఐవర్‌మెక్టిన్ బద్దె పురుగుల మీద పనిచేయదు, వాటికి ప్రాజిక్వాంటెల్ కావాలి. ఈకలు రాలి కొత్తవి వచ్చే రోజుల్లో ఫెన్‌బెండజోల్ అనే మరో పురుగుల మందు ఇస్తే ఆ ఈకలు వంకరపోతాయి. ఏ పురుగో తెలియకుండా మందు ఎంచడం చీకట్లో రాయి వేయడమే.

తప్పు దుకాణానిదే అనను. రెట్టతో పడిన ఏలికపాము గుడ్లు తడి, వెచ్చదనం ఉంటే రెండు మూడు వారాల్లో సోకే దశకు వస్తాయి, మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. ఆ మట్టినే పక్షులు పొడుచుకు తింటుంటే చూస్తూ ఊరుకున్నది నేను. ఇప్పుడు అడుగున జాలీ వేసి, దాని కింద కాగితం పరిచి రోజూ మారుస్తున్నాను.

ఏ పురుగో తెలుసుకునే దారి రెట్ట పరీక్షే. రెట్టను చిక్కటి ఉప్పునీటిలో కలిపితే గుడ్లు పైకి తేలతాయి, మైక్రోస్కోపులో కనిపిస్తాయి. గుడ్లు ప్రతిరోజూ పడవు గనుక రెండు మూడు సార్లు చూడాలి, అంతే. గొర్రెలకు, మేకలకు చేసే పరీక్షే ఇది. గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల దాకా అందరూ వెళ్లలేరు కనుక, ప్రాంతీయ పశువైద్యశాలల్లో పంజరపు పక్షుల రెట్టనూ పరీక్షకు తీసుకుంటామని రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు ప్రకటించాలి. 2018 నాటి పెట్ షాపు నియమాల కింద దుకాణాలను నమోదు చేసేటప్పుడే, పశువైద్యుని చీటీ లేకుండా పురుగుల మందు అమ్మబోమని వారిచేత రాయించుకోవాలి.

ఇట్లు,
ఒక పక్షుల పెంపకందారు,
విజయవాడ