చుక్కలు లేని చోట గుంతలు లేవా?

సంపాదకులకు,

రోడ్ల గుంతల గురించి జనం ఫోన్లలో పెట్టే ఫిర్యాదులను మ్యాపు మీద చుక్కలుగా చూసి, అవి చిక్కగా ఉన్నచోటే రోడ్లు పాడయ్యాయని తేల్చేయడం ఈమధ్య మామూలైంది. చుక్క వెనక గుంతతోపాటు ఫోను, తీరిక, ఓపిక ఉన్న మనిషి కూడా ఉంటాడు. మన విశాఖలోనే చూడండి: ఎంవీపీ కాలనీలో ఒకే గుంతకు పదిమంది ఫొటోలు పెట్టొచ్చు. మల్కాపురంలో షిఫ్టు దిగి వచ్చినవారు ఒక్కరూ పెట్టకపోవచ్చు. కొండవాలు ఇళ్ల దగ్గర జీపీఎస్ పక్క వీధిని చూపినా ఆశ్చర్యం లేదు. పైగా చుక్కలను వార్డులవారీగా లెక్కిస్తే, వార్డు హద్దు కాస్త జరిపినా ‘హాట్‌స్పాట్’ (చుక్కలు చిక్కగా ఉన్న చోటు) వేరే చోటికి మారిపోవచ్చు! కొన్ని వీధులను లాటరీ తీసి ఎంచి, మనుషులను పంపి గుంతలు లెక్కపెట్టించి, దాంతో మ్యాపును సరిచూశాకే రోడ్ల మరమ్మతుకు నిధులు పంచాలి.

– ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్, మద్దిలపాలెం, విశాఖపట్నం