స్టార్టయింది సరే, ఆగుతుందా?

సంపాదకులకు,

పాత మిలిటరీ ట్రక్కులు కొని బాగుచేసుకునేవాళ్ల మీద వచ్చే కథనాల్లో ఎప్పుడూ ఇంజను, రంగు, టైర్ల ముచ్చటే ఉంటుంది. ఏళ్ల తరబడి కదలని బండి స్టార్టయిందంటే ఫొటో పడుతుంది. బ్రేకుల సంగతి మాత్రం ఎవరూ రాయరు. అమెరికా సైన్యం వాడిన రెండున్నర టన్నుల ఎం35ఏ2 లాంటి బండి విషయంలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. దయచేసి ఈ వివరాలు కూడా పాఠకులకు చేర్చండి.

ఆ ట్రక్కులో ఆరు హబ్బులకూ (చక్రాలు బిగించే నడిమి భాగాలకు) కలిపి బ్రేక్ ఆయిల్ సర్క్యూట్ ఒక్కటే. ఒక వీల్ సిలిండర్ (చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకును నొక్కే చిన్న గొట్టం) బాగా కారినా, ఒక హోస్ పగిలినా పెడల్ నేలకు అంటుకుంటుంది, ఏ చక్రానికీ బ్రేకు పడదు. గాలి బ్రేకులున్నాయి కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అక్కడ గాలి చేసేది సాయం మాత్రమే: పెడల్ తొక్కితే వచ్చే ఆయిల్ ఒత్తిడిని ఎయిర్ ప్యాక్ గాలితో పెంచుతుంది. గాలి పోతే పెడల్ బరువెక్కుతుంది, కొంతైనా బ్రేకు మిగులుతుంది. ఆయిల్ పోతే ఏదీ మిగలదు. హ్యాండ్‌బ్రేక్ కూడా చక్రాలను పట్టదు, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) దగ్గరి డ్రమ్ముతో ప్రొపెల్లర్ షాఫ్టును, అంటే యాక్సిల్‌కు శక్తిని మోసే కడ్డీని పడుతుంది. ఆ షాఫ్టు విప్పారంటే హ్యాండ్‌బ్రేకు లేనట్టే. కాబట్టి బండి కిందికి దూరేముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టాలి.

ఆరు డ్రమ్ములూ విప్పి చూడాల్సిందే. ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవి, అంటే కుడివైపుకు తిప్పితే వదులవుతాయి. ఇది తెలియక బలం చూపించి స్టడ్లు విరగ్గొట్టుకుంటారు. డ్రమ్మును రాసుకుని ఆపే పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన నార ఖనిజం) ఉండొచ్చు, ఆ దుమ్మును గాలితో ఊదకూడదు, తడిపి తుడవాలి. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు ఎత్తి చూడండి. లోపల తడి కనిపిస్తే సీలు పోయినట్టే. సిలిండర్ లోపలి గోడ మీద గోరు తట్టుకునే గుంటలుంటే కొత్త సీళ్ల కిట్ వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి. బయట ఎక్కడా చుక్క పడకుండా మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే ప్రధాన సిలిండర్‌లో) ఆయిల్ తగ్గుతోందంటే, అది ఎయిర్ ప్యాక్ లోపల సీలు దాటి గాలివైపుకు పోతుండొచ్చు. పైకి బాగానే కనిపించే పాత హోస్ లోపల ఉబ్బి పూడుకుపోతుంది: తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు, డ్రమ్ము కాలిపోతుంది. హోసులు చూసి వదిలేయకుండా అన్నీ మార్చేయడం మేలు. రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ పెట్టించుకోవడం కూడా తెలివైన పనే, కానీ కారుతున్న సిలిండర్లను అలాగే ఉంచి కాదు.

బ్రేక్ ఆయిల్ ఏదో తెలియకుండా పైన పోయకండి. 1980లలో అమెరికా సైన్యం సిలికాన్ రకం డాట్ 5కు మారింది (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ రకాలకు అమెరికా ప్రమాణం పెట్టిన పేరు). మీ బండిలో అది ఉండొచ్చు, ఎవరైనా డాట్ 3 పోసి ఉండొచ్చు. గాజు గ్లాసులో కాస్త ఆయిల్ తీసి నీళ్లు కలపండి. కలిసిపోతే డాట్ 3 జాతి, విడిగా నిలిస్తే సిలికాన్. రెండూ కలపకూడదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ కాదు. డాట్ 3 తేమ పీలుస్తుంది: కొత్తదానికి కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, తేమ పట్టినదానికి 140. సిలికాన్ తేమను పీల్చదు, అందుకే లోపలికి చేరిన నీరు పల్లపు చోట నిలిచి తుప్పు పట్టిస్తుంది. సిలికాన్ ఆయిల్‌ను నురగ రాకుండా నెమ్మదిగా పోసి, లైన్లలో చిక్కిన గాలిని ముందు ఎయిర్ ప్యాక్ దగ్గర, తర్వాత దూరపు చక్రం నుంచి తీయాలి.

లైనర్లు గేర్ ఆయిల్‌తో తడిసి ఉంటే వెంటనే సీళ్లను తిట్టకండి. ముందు యాక్సిల్ హౌసింగ్ మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రం) చూడండి. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలికి దారి లేక ఆయిల్‌ను సీళ్ల మీదుగా తోస్తుంది. బ్రీదర్ కడగకుండా సీలు మారిస్తే కొత్తదీ కారుతుంది. స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు చివర) మీది కీ గాడి కూడా ఆయిల్‌కు దొంగదారే, బిగించేటప్పుడు అక్కడ సిలికాన్ సీలెంట్ పెట్టాలి. యాక్సిల్‌లో ఆయిల్ మట్టం, బండి సమంగా ఉన్నప్పుడు, ఆయిల్ పోసే ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా చాలు. హబ్బు బేరింగులను హబ్బు తిప్పుతూనే బిగించి, మాన్యువల్ చెప్పినంత వెనక్కి వదిలి, లాక్ వాషర్ వేసి బయటి నట్టు బిగించాలి. ఆ నట్టు బిగించాక బేరింగు ఆట, అంటే వదులు మారుతుంది కాబట్టి మళ్లీ ఊపి చూడాలి.

క్లచ్ పెడల్‌కు పైన ఖాళీ ఆట ఉండాలి. ప్లేటు అరిగేకొద్దీ అది తగ్గుతుంది, పూర్తిగా పోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే బేరింగ్) ఎప్పుడూ తిరుగుతూ కాలిపోతుంది, క్లచ్ జారుతుంది. ఆట తగ్గినప్పుడల్లా లింకేజీ సర్దాలి. ప్లేటు ఆయిల్‌తో తడిస్తే వాసన చూడండి: గంధకం ఘాటుంటే గేర్‌బాక్స్ సీలు, లేకపోతే ఇంజను వెనక సీలు. గేర్‌బాక్స్ దించేటప్పుడూ ఎక్కించేటప్పుడూ దాని బరువు క్లచ్ ప్లేటు మీద వేలాడకూడదు, ప్లేటు నడిమి హబ్ వంగిపోతుంది. నెలల తరబడి బండి ఆపి ఉంచితే ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. పెడల్‌ను కిందికి తొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ముక్క బిగించి ఉంచితే ఆ బెడద ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకుడు