స్విఫ్ట్ అంటే చాలదు, ఇంజిన్ నంబరు పంపండి

విజయనగరం మా షాపు కస్టమర్లకు, మెకానిక్ సోదరులకు ఒక మాట. ఇకపై మారుతి బండ్ల ఇంజిన్ స్పేర్లకు ఆర్డరు బండి పేరు మీద రాసుకోం. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, తయారైన నెల, సంవత్సరం వాట్సాప్‌లో పెట్టాకే సరుకు తీస్తాం. బొబ్బిలికో రాజాంకో బస్సు పార్సిల్‌లో వెళ్లిన సామాను సరిపడకపోతే రానూ పోనూ ఛార్జీలు దండగ, పైగా బండి షెడ్డులోనే ఉండిపోతుంది. సెన్సర్లు, ఇంజెక్టర్లు సీలు తీశాక మాకు సరుకిచ్చే డీలరు వాపసు తీసుకోడు. అందుకే మేమూ తీసుకోలేం.

స్విఫ్ట్‌నే చూడండి. 2005లో వచ్చిన పెట్రోలు బండిలో జి13బిబి ఇంజిన్. 2010 నుంచి కె12ఎం, 2021లో కె12ఎన్, 2024 మోడల్‌లో జడ్12ఈ. ఇవి కాక డీజిల్‌లో డి13ఏ. పేరు ఒకటే, ఇంజిన్లు ఐదు.

కోడ్ చదవడం కష్టమేం కాదు. మొదటి అక్షరం ఇంజిన్ కుటుంబం. మధ్య అంకె కెపాసిటీ: 8 అంటే 796 సీసీ, కె కుటుంబంలో 10 అంటే 998, 12 అంటే 1197. చివరి అక్షరం ఆ కుటుంబంలో ఏ రకమో చెబుతుంది. చాలామంది వదిలేసేది ఈ చివరి అక్షరాన్నే, డబ్బు పోయేదీ అక్కడే. కె12ఎం, కె12ఎన్ రెండూ 1197 సీసీ, నాలుగు సిలిండర్లే. కానీ ఎంలో ఇంజెక్టర్లు నాలుగు, ఎన్‌లో సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది. ఎన్‌లో వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) వాల్వులను నడిపే రెండు క్యామ్ షాఫ్టులకూ ఉంటుంది కాబట్టి టైమింగ్ వైపు సామాను కూడా వేరు. ఇక జడ్12ఈ కూడా 1197 సీసీయే, కానీ మూడు సిలిండర్లు. "1200 పెట్రోలు స్విఫ్ట్‌కి ప్లగ్గుల సెట్టు" అని అడిగితే మూడివ్వాలా, నాలుగివ్వాలా?

ఆల్టో సంగతీ అంతే. ఆల్టో 800లో ఎఫ్8డి, దానికి టైమింగ్ బెల్టు. ఆల్టో కె10లో మొదట కె10బి, 2022 నుంచి కె10సి. ఈ రెండింటికీ చైనే, బెల్టు అసలు లేదు.

కోడ్ ఒక్కటే సరిపోని చోట్లూ ఉన్నాయి. మొదట్లో వచ్చిన రిట్జ్, డిజైర్ కె12ఎంలలో వీవీటీ లేదు. 2011 కొత్త స్విఫ్ట్ నుంచి వచ్చింది. ఇన్‌టేక్ క్యామ్ స్ప్రాకెట్ (పళ్ల చక్రం) ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. సంవత్సరం కూడా అడిగేది ఇందుకే.

డీజిల్ వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. డి13ఏ ఫియట్ డిజైన్ చేసిన 1248 సీసీ ఇంజిన్. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలో 75 హార్స్ పవర్, టర్బో మామూలుది. ఎర్టిగా, సియాజ్, బ్రెజాలలో అదే ఇంజిన్ 90 హార్స్ పవర్ ఇస్తుంది, దాని టర్బోలో వేన్లు, అంటే లోపలి చిన్న రెక్కలు, కదులుతాయి. డిక్కీ మీద డీడీఐఎస్ 190 అని ఉంటే మొదటిది, 200 అని ఉంటే రెండోది. ఆ అంకె సీసీ కాదు, హార్స్ పవరూ కాదు. టార్క్, న్యూటన్ మీటర్లలో. టర్బో ఆర్డరుకు ఆ బ్యాడ్జి ఫొటో తప్పకుండా పంపండి.

పాత ఓమ్నీలు, 800లు కొన్నవాళ్లు ఆర్‌సీని మాత్రమే నమ్ముకోవద్దు. ఎప్పుడో ఇంజిన్ మార్చి ఉండొచ్చు. సిలిండర్ బ్లాక్ మీద నంబరు చెక్కి ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి, వైరు బ్రష్షు మెల్లగా ఆడించి, టార్చి పక్కనుంచి వేసి ఫొటో తీయండి. ఎదురుగా వేస్తే మెరుపుకి అక్షరం కనబడదు. తుప్పు పట్టిన చోట ఇంగ్లీషు బి, డి ఒకేలా కనిపిస్తాయి. ఎఫ్8బికి సిలిండరుకు రెండు వాల్వులు, ఎఫ్8డికి నాలుగు. రెండూ 796 సీసీలే అయినా హెడ్ గ్యాస్కెట్ అడిగే ముందు ఆ అక్షరం తేల్చుకోవాలి. అనుమానం ఉంటే ఫొటో పెట్టండి, కలిసి చూద్దాం.

ఎఫ్8డి, కె10బి, కె12ఎం ఫిల్టర్లు, ప్లగ్గులు, ఇంజిన్ మౌంటింగులు షాపులో ఎప్పుడూ ఉంటాయి. జి13బిబి సామానుకు గిరాకీ తగ్గింది కాబట్టి ఆర్డరు మీదే తెప్పిస్తాం, అడ్వాన్సు సగం ఇవ్వాలి. జడ్12ఈ, కె15సి (1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్) సామాను విశాఖ నుంచి రావాలి. మధ్యాహ్నం పన్నెండులోపు నంబరు పంపితే మర్నాడు ఇస్తాం.